సార్వత్రిక కాలమానం ప్రకారం

మూడో పుట చివరిదాకా ఆమె చదువు ఏ తడబాటూ లేకుండా సాగింది. పీడనాల అంకెలు సరిచూసింది. పటంలోని అక్షాంశాలకూ వ్యాసంలోని అక్షాంశాలకూ పొత్తు కుదిరిందో లేదో చూసింది. ఒకచోట మిల్లీబార్లని పడినదాన్ని హెక్టాపాస్కల్స్‌గా మార్చింది. విలువకు రెండూ ఒకటే అయినా పత్రికకంటూ ఒక మర్యాద ఉంటుంది, మనుషులకు లేకపోయినా. చూపు వరుస తప్పకుండా కింద ఆనించుకునే అట్టముక్కను ఒక్కొక్క వరుసే దించుకుంటూ నాలుగో పుటలోకి వచ్చి, 'తీరపట్టణంలో ఒక మరణం నమోదైనది' అనే వాక్యం దగ్గర ఆపింది. నమోదైనది. వానలు నమోదవుతాయి, గాలివేగాలు నమోదవుతాయి. నమోదు చేసినవాడికి పేరుండదు, నమోదైనదానికి ముఖముండదు. వ్యాకరణం దృష్ట్యా ఆ వాక్యానికి ఏ లోటూ లేదు. ఆ ఒక మరణం ఆమె కూతురిది. ఆ వ్యాసం రాసినవాడు ఆమె భర్త. సాయంత్రానికి వాతావరణ శాస్త్ర పత్రిక కొత్త సంచిక అచ్చుకు పోవాలి. తుది పఠనం చేసి పుటపుటకూ సంతకం పెట్టవలసినది ఆమె. ఆ సంతకం పడేదాకా ఇంకెవరూ ఆ కాగితాలను ఈ గది గడప దాటించలేరు.

'ఇదొక్కటీ నాకు వదిలేయండి మేడమ్, నేను చూసుకుంటా' అని పొద్దున్నే ఉపసంపాదకుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతణ్ణి ఆఫీసంతా కామా అంటారు. ఏ మాటా తిన్నగా ముగించడు, ఏ వాక్యాన్నీ ముగియనివ్వడు. జాలిపడే మనుషులను చూస్తే ఆమెకు అరికాలిమంట నెత్తికెక్కుతుంది. ఈ రెండేళ్ళలో ఎంతమంది జాలిపడ్డారో, ఎంత తేలిగ్గా పడ్డారో, పడి ఎంత చక్కగా లేచి దులుపుకుని వెళ్ళిపోయారో ఆమె చూసింది. 'నా పని నాకు వచ్చు' అంది. అతడు తల ఊపి వెళ్ళి అద్దాల గోడకు ఆవల తన కుర్చీలో కూర్చున్నాడు, ఇప్పటికీ కూర్చునే ఉన్నాడు, పెన్సిలు చెక్కుకుంటూ, ఇటు చూడనట్టు చూస్తూ. పక్కగదిలో యంత్రం వెచ్చటి కాగితాలను కక్కుతోంది, ఆ వాసన తలుపుసందు నుంచి వస్తోంది. ఈ గదికి కిటికీలు ఉన్నాయి గానీ తెరుచుకోవు. గాలినీ వాననూ గురించి ఇన్నేళ్ళుగా పత్రిక నడుపుతున్న మనుషులు గాలి చొరని గదిలో కూర్చుని నడుపుతున్నారని పిల్ల ఒకసారి ఇక్కడికొచ్చినప్పుడు పడిపడి నవ్వింది. 'చేపలమీద పుస్తకం రాసేవాడు నీళ్ళు తాగనట్టుంది అమ్మా మీ సంగతి.' అప్పుడు తనకు కోపం వచ్చిందా? వచ్చే ఉంటుంది. పత్రికను ఎవరేమన్నా వచ్చేది. ఆ కోపం ఇప్పుడు ఎంత ముద్దుగా కనబడుతోందో, పాతబట్టల్లో దొరికిన పసిపిల్ల గౌనులాగా. వద్దు, అటు పోకూడదు. అట్టముక్క. వరుస. 'ఒక మరణం నమోదైనది (11వ తేదీ, 2130 గం.).'

పదకొండు. మళ్ళీ పదకొండు. కుండలీకరణాల్లో పెట్టి మరీ పదకొండు. గోడమీద రెండు గడియారాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి మనుషులది, టీ తాగడానికీ ఇంటికి పోవడానికీ. రెండోది గాలిది. గాలికి ఊళ్ళు తెలియవు, ఒక్కొక్క ఊరి గడియారంతో దాన్ని కొలిస్తే ఎప్పుడు ఎక్కడుందో ఎవరికీ అర్థం కాదు. అందుకని లోకమంతటికీ కలిపి ఒకే గడియారం పెట్టుకుని, దానికి సార్వత్రిక కాలమానం అని పేరు పెట్టుకుని, పరిశీలనలన్నీ దాని ప్రకారమే రాసుకోవడం ఈ శాస్త్రం నేర్చుకున్న మొదటి మర్యాద. ఆ గడియారం ఈ ఊరికి అయిదున్నర గంటలు వెనక నడుస్తుంది. ఇక్కడ తెల్లవారుజాము మూడయితే అక్కడ ఇంకా కిందటి రోజు రాత్రి తొమ్మిదిన్నరే. ఆమె ఇక్కడ చేరిన కొత్తలో రచయితలు ఇష్టం వచ్చిన గడియారం రాసేవారు, ఒకే వ్యాసంలో రెండు మూడు కాలాలు కలిసి పులగంలాగా ఉడికేవి. ఆమే కూర్చుని 'రచయితలకు సూచనలు' తిరగరాసింది. 'వేళలన్నీ సార్వత్రిక కాలమానంలోనే ఇవ్వవలెను. స్థానిక వేళలను ఏ కారణం చేతనూ ఇవ్వరాదు. వారాల పేర్లు రాయరాదు.' ఏ కారణం చేతనూ అనే మాటను ఆనాడు ఎంత ఇష్టంగా రాసిందో. ఆ మాట ముందు పెద్దపెద్ద ఆచార్యులు చేతులు కట్టుకున్నారు.

ఇంట్లో మాత్రం ఆ గడియారం ఒక వేళాకోళం. ఆయన చేతికి ఎప్పుడూ గాలి గడియారమే ఉండేది, తుఫాను హెచ్చరికలు రాసే ఉద్యోగం కనుక. సాయంత్రం ఇల్లు చేరి మణికట్టు చూసుకుని అయిదున్నర కలుపుకుని, ఓహో, దీపాలు పెట్టే వేళయిందే అనేవాడు. 'నాన్నా, నీ చేతిమీద ఇంకా మధ్యాహ్నమేగా, మధ్యాహ్నం మిగిలిన అన్నమే నీకు' అని పిల్ల కంచం దాచేసేది. పుట్టడం కూడా ఆ పిల్ల అలాగే పుట్టింది, తెల్లవారకముందు, ఆ రెండు గడియారాల సందులో. ఆసుపత్రి వరండాలో ఆయన ఒళ్ళు తెలియని సంబరంతో చుట్టాలందరికీ ఫోన్లు చేసి, కౌంటరుకు వెళ్ళి, మణికట్టు చూసి కిందటి తేదీ చెప్పి వచ్చాడు. మంచంమీద నుంచి తనే అంది, 'నిన్నంతా నేను నొప్పులు పడ్డాను. కన్నది ఈ రోజు. వెళ్ళి సరిచేయించి రండి' అని. పరుగున వెళ్ళాడు, నవ్వుకుంటూ వెళ్ళాడు, కౌంటరులో కూర్చున్న మనిషి కూడా నవ్విందట. ఆ తర్వాత ఏటేటా ముందురోజు రాత్రే పిల్లకు నాన్న కానుక, మర్నాడు అమ్మ కానుక. 'మీరిద్దరూ ఎప్పటికీ రాజీపడకండి, నాకు లాభం' అనేది. లాభం. నష్టం. 'ఆస్తినష్టం విస్తృతం, ప్రాణనష్టం స్వల్పం' అని తుఫాను వచ్చిన ఆ వారం ఏదో పత్రికలో రాశారు. స్వల్పం అన్నవాణ్ణి పట్టుకుని, ఎంత స్వల్పమో చెయ్యి చాచి చూపించు నాయనా, నీ ఇంట్లో ఎవరి ఎత్తుంటుందో చెప్పు అని అడగాలనిపించింది.

అట్టముక్క అక్కడే ఉంది. కళ్ళు అంకెమీద ఉన్నాయి, చెవి మాత్రం ఆ గురువారం రాత్రికి పోయింది. భోజనాలయ్యాయి, ఆయన డ్యూటీలో ఉన్నాడు, తను టేబుల్ దగ్గర కూర్చుని ఏదో సంచిక విషయసూచిక చూసుకుంటోంది. పది దాటాక ఫోన్. 'అమ్మా, మీ పత్రికకు కొత్త పాఠకురాలు దొరికింది. మేక.' పిల్ల పశువుల డాక్టరు, ఆ తీరపట్టణంలో చిన్న ఆసుపత్రి, మేడమీద అద్దెగది. ఇంటికి వచ్చినప్పుడల్లా పాత సంచికలు ఒక కట్ట పట్టుకుపోయి బోనుల కింద పరిచేది. మందంగా ఉంటుంది, తడి బాగా పీలుస్తుంది, శాస్త్రం ఊరికే పోదు అమ్మా అనేది. 'మేక ఏం చదివింది?' 'సంపాదకీయం మొత్తం నమిలేసింది. పాపం పొద్దుటినుంచి నెమరు వేస్తూనే ఉంది, అరగడం లేదు.' 'మా పెద్దాయన రాసింది మనుషులకే అరగదు, మేకనేం అంటావు' అని తను అన్నది, తనే! తల్లీకూతుళ్ళిద్దరూ చెరో ఊళ్ళో చెరో గదిలో నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత పిల్ల, 'ఉండు, ఇదిగో విను' అని ఫోను కిటికీలోంచి బయటకు చాపింది. హోరు. 'వినబడిందా? నాన్న పంపించిన గాలి. బలహీనపడుతుందన్నాడుగా, వచ్చాక చెప్పు, మీ గాలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు అని.' కరెంటు పోయింది, బ్యాటరీ దాచుకుంటా, పొద్దున్నే చేస్తా, పడుకో. అంతే. ఆ రోజు గురువారం. పదకొండో తేదీ. పిల్ల బతికి ఉంది, నవ్వుతోంది, మేకను ఆడిపోసుకుంటోంది. ఎదురింటి డాబామీది ఇనపట్యాంకు ఆ గది కప్పుమీద పడింది మర్నాడు తెల్లవారుజామున. ఆ సంగతి గాలికి తెలుసు, ఇరుగుపొరుగుకు తెలుసు, ఆమెకు తెలుసు. కాగితానికి మాత్రం తెలియదు.

ఎందుకంటే మరణాలు నమోదు చేసే కౌంటరు దగ్గరకు వెళ్ళినది ఆయన. తను బయట బెంచీమీద, ఒళ్ళో పిల్ల తెల్లకోటు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చీటీ వానలో తడిసి సిరా అలుక్కుపోయింది. లోపల ఎవరో అడిగారు, ఎప్పుడు జరిగిందండీ అని. ఆ రాత్రంతా గాలి గడియారం ముందు కూర్చుని వచ్చిన మనిషి, వేళలన్నీ ఆ గడియారంతోనే తలలో గుచ్చుకుని ఉన్న మనిషి, పదకొండో తేదీ రాత్రి తొమ్మిదిన్నర అన్నాడు. రాసుకున్నారు, ముద్ర వేశారు. కొన్నాళ్ళకు పిల్ల ఫోను నెంబరు తీసేయించడానికి తను వెళితే, అక్కడి కుర్రది తెర చూసి, కాగితం చూసి, మళ్ళీ తెర చూసి, 'చనిపోయాక కూడా మాట్లాడినట్టుందండీ, ఫోను ఇంకెవరి దగ్గరైనా ఉందా?' అంది. 'నాతోనే మాట్లాడింది' అని చెప్పింది తను. 'అయితే తెరమీద తేదీ తప్పు పడి ఉంటుంది, అది ముందురోజేమోనండీ. ఇలాంటప్పుడు రోజులు గుర్తుండవు లెండి.' లెండి! ఎంత మృదువుగా అంది. కాగితం ప్రకారం ఆ రాత్రి మేక ఏ సంపాదకీయమూ తినలేదు, ఎవరూ నవ్వలేదు, కిటికీలోంచి చెయ్యి చాచి గాలిని వినిపించింది ఎవరూ కాదు. ఇంటికి వచ్చి కాగితం ఆయన ముందు పెట్టింది.

'తేదీ తప్పు. వెళ్ళి మార్పించండి.'

'చూద్దాం.'

'చూడటానికేముంది? ఎవరు చెప్పారో వాళ్ళే వచ్చి సరిచేసుకోవాలిట. నేను అడిగొచ్చాను. మీరే వెళ్ళాలి.'

'ఆ కౌంటరులో మనిషి మళ్ళీ అడుగుతుంది.'

'ఏమని?'

'ఎప్పుడు అని. ఎలా అని.'

'అడిగితే చెప్పాలి. నోరుందిగా.'

ఆయన లేచి అవతలి గదిలోకి పోయాడు. అప్పటినుంచి ఆ గది ఆయనది, ఈ గది తనది, మధ్యలో వంటిల్లు ఎవరిదీ కాదు. ఆడపడుచు వచ్చి రాయబారం నడిపింది, 'పోయినపిల్ల ఎటూ పోయింది, ఒక రోజు అటూ ఇటూ అయితే ఏమైంది వదినా, ఉన్న ఇద్దరూ ఇలా ఎడమొహం పెడమొహమైతే ఎలా?' అని. ఒక రోజు అటూ ఇటూ! ఇరవైతొమ్మిదేళ్ళు పెంచినదానికి మిగిలిన ఆఖరి పూట అది, దానికి ముందున్నవన్నీ కలిసి వచ్చి ఆ పూటలో కూర్చున్నాయి, దాన్ని తెగ్గోసి పారేసి, చిల్లర సర్దుబాటు చేసినట్టు అటూ ఇటూ అంటావా అని ఆమె అనలేదు. 'నీ ఇంటికి వెళ్ళు' అంది, అంతే. ఆ పశువుల ఆసుపత్రిలో పిల్ల తోటివాళ్ళు ఫోటో పెట్టి కింద తేదీలు రాయించారు. అక్కడా పదకొండే. అబద్ధం ఒకసారి ముద్ర వేయించుకుంటే ఇక దానికి కాళ్ళు వస్తాయి.

ఇప్పుడు ఇది. రెండేళ్ళు ఆ అవతలి గదిలో దీపం వేసుకుని కూర్చుని ఆయన రాసినది ఇది. తుఫాను తీరం దాటే ముందు బలహీనపడుతుందని లెక్కలన్నీ చెబితే ఉన్నట్టుండి ఎందుకు బలపడింది, సముద్రంలో ఏ లోతున ఎంత వేడి దాగి ఉంది, తాము ఏది చూడలేదు, చూసి ఉంటే ఏం తెలిసేది. మంచి వ్యాసమే. కన్నకూతురు ఇందులో ఒక అంకె అయినా మంచి వ్యాసమే. ఆమెకు ద్వేషించడం వచ్చు గానీ చెడ్డదాన్ని మంచిదనీ మంచిదాన్ని చెడ్డదనీ అనడం రాదు. సమీక్షకులు ఇద్దరూ పొగిడారు. దీన్ని చదివినవాళ్ళు ఇంకెక్కడో ఇంకో రాత్రి హెచ్చరిక ముందుగా ఇస్తారు, ఎవరో పిల్ల గది ఖాళీ చేసి మెట్లు దిగుతుంది. దిగనీ. చల్లగా ఉండనీ. కానీ ఆ ఒక్క కుండలీకరణం ఆయన రాయకుండా ఉండలేడా? రెండోసారి, తీరిగ్గా, ఏ కౌంటరూ ఏ గుమస్తా లేకుండా, తన టేబుల్ దగ్గర కూర్చుని మళ్ళీ అదే తేదీ రాయడానికి ఆ చెయ్యి ఎలా ఆడింది? కాగితం చచ్చినా మార్పించనన్న మనిషి దాన్ని శాస్త్రంలోకి కూడా ఎక్కించాడు, ఇక నూరేళ్ళ తర్వాత చదివేవాడికి కూడా పదకొండే. ఎర్ర పెన్ను అందుకుంది. అందుకుని ఆగింది. అంకె మార్చే ముందు రచయిత రాతప్రతితో పోల్చకుండా మార్చడం తుది పఠనంలో మహాపాపం; ఆ పాపం ఆమె ఎన్నడూ చేయలేదు, కోపంలోనూ చేయలేదు. దొంతర అడుగునుంచి ఆయన పంపిన ప్రతి లాగి, పుట వెతికి, వాక్యం వెతికింది.

'12వ తేదీ, శుక్రవారం, తెల్లవారుజామున మూడు గంటలకు, ఆ పట్టణపు గడియారం ప్రకారం, ఒక యువతి మరణించింది.'

ఆమె ఆ వరుస కింద అట్టముక్క పెట్టి చదివింది. తీసి చదివింది. యంత్రం ఇంకా కాగితాలు కక్కుతూనే ఉంది, ఒకటి, ఒకటి, ఒకటి. అద్దం మీద వేలితో కొట్టింది. కామా పరుగున వచ్చాడు.

'ఇది మార్చింది నువ్వా?'

'అవును మేడమ్. మొత్తం వ్యాసంలో అదొక్కటే లోకల్ టైమ్. తక్కినవన్నీ యూటీసీయే కదా, సార్ ఏదో ధ్యాసలో రాసుంటారనుకున్నా. వారం పేరు కూడా ఉంది, మన దగ్గర వారాలు రాయం. ఇంక ఆ యువతి అన్నది కూడా, అంటే, మామూలుగా మనం, నమోదైనది అనే…'

'ఆయన్ని అడగవలసింది.'

'నేను అడగలేదు గానీ ఆయనే ఫోన్ చేశారు మేడమ్, ప్రూఫు చూసుకుని. ఆ ఒక్కటీ అలా ఉండనివ్వు బాబూ అన్నారు. నేను, సార్, అది మేడమ్ పెట్టిన నియమం కదా, ఆవిడ ససేమిరా ఒప్పుకోరు అన్నా.'

'నువ్వు అలా అంటే?'

'అవునవును, ఆవిడ నియమం కదా అన్నారు. తర్వాత పెట్టేశారు.'

'నాతో చెప్పలేదేం?'

'చెప్పడానికేముందనుకున్నా మేడమ్. మీరు ఏమంటారో తెలిసిందేగా.'

తెలిసిందే. లోకానికంతటికీ తెలిసిందే. అతడు నిలబడే ఉన్నాడు, పైపెదవిని కిందిపెదవితో నొక్కుకుంటూ. ఆమె వెళ్ళమని చెయ్యి ఊపింది. ఎవరు చెప్పారో వాళ్ళే వచ్చి సరిచేసుకోవాలి. వచ్చాడు. ఆ కౌంటరుకు పోలేకపోయిన మనిషి ఈ కౌంటరుకు వచ్చాడు. నోరు విప్పి చెప్పలేనిదాన్ని రాసుకుని వచ్చాడు. ఎప్పుడో చెప్పాడు, ఎలాగో తక్కిన వ్యాసమంతా చెప్పాడు. జీవితంలో ఒక్కసారి కూడా సార్వత్రిక కాలమానం తప్పని మనిషి, పెళ్ళివేళ కూడా మణికట్టు చూసి అయిదున్నర కలుపుకున్న మనిషి, ఒక్క వాక్యంలో దాన్ని విప్పి పక్కన పెట్టాడు. ఆ వాక్యం ఎవరి కోసం రాశాడో ఎవరైనా చెప్పగలరు. ఇంట్లో చెప్పవచ్చు కదా? రెండు గదుల మధ్య ఎంత దూరం? కానీ ఎవరికి చెబుతాడు, నోరుందిగా అన్న మనిషికా? అందుకని అచ్చులో చెప్పబోయాడు, ఆమె తప్పకుండా చదివే చోట, ఒక్కొక్క వరుసే అట్టముక్క దించుకుంటూ చదివే చోట. కామా ఆ నియమంతో లోపలినుంచి తలుపు వేశాడు. ఆ తలుపు తను చేయించినదే, గొళ్ళెంతో సహా. అవునవును, ఆవిడ నియమం కదా. ఆ మాట ఏ గొంతుతో అని ఉంటాడో ఆమెకు తెలుసు. నిష్ఠూరం ఉండదు. అదే చచ్చే బాధ, ఆ గొంతులో ఎప్పుడూ నిష్ఠూరం ఉండదు, పిల్లకు చెప్పేవాడు, మీ అమ్మ చెప్పిందంటే సరిగ్గానే ఉంటుంది అని.

ప్రధాన సంపాదకుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన్ను వెనకాల మేఘం అంటారు. కమ్ముకుంటారు గానీ కురవరు. కామా వెళ్ళి చెప్పి ఉంటాడు.

'ఏదో ఇబ్బంది వచ్చిందట. చూడండి, ఒకవేళ ఈ వ్యాసాన్ని వచ్చే సంచికకి…'

'అక్కర్లేదు. ఒక వాక్యం రచయిత రాసినట్టే వేయాలి. స్థానిక వేళతో.'

ఆయన పుట అందుకుని చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. 'నాకేమీ అభ్యంతరం లేదు. నిజానికి లేదు. కానీ మీరే కదా… కిందటేడు ఆ వరదల వ్యాసం ఆయన ఎంత బతిమాలాడు, వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ వేళలు ఊరి గడియారంతోనే ఉండాలని. మీరు కుదరదన్నారు. ఇప్పుడు మన ఇంట్లోవాళ్ళకని మినహాయింపు ఇస్తే, రేపు ఎవరేమంటారో…'

ఆ ముసలాయన. పేరు కూడా గుర్తుంది. మూడుసార్లు రాశాడు, మర్యాదగా రాశాడు. తను ఒక్క వాక్యంలో జవాబిచ్చింది, ఏ కారణం చేతనూ అన్న మాటతో సహా.

'నేను మినహాయింపు అడగడం లేదు' అంది. తెల్లకాగితం లాక్కుని రాసింది, కొట్టివేతలు లేకుండా, ఎప్పుడూ రాసే నిటారు అక్షరాలతో: 'మనుషుల మరణాన్ని పేర్కొనవలసిన చోట, మరణించినవారు నివసించిన చోటి గడియారం ప్రకారమే తేదీ, వారం, వేళ ఇవ్వవలెను. సార్వత్రిక కాలమానాన్ని కావలసినవారు పక్కన ఇచ్చుకోవచ్చును. మరణం నమోదైనది అని రాయరాదు. మరణించినది మనుషులని తెలిసేటట్టు రాయవలెను.' కింద గీత గీసింది. 'ఈ సంచికతోనే అమలు. వరదల వ్యాసానికి సవరణ కూడా ఇందులోనే వేయండి, చివరిపుటలో చోటుంది. ఆయనకు నేను రాస్తాను.'

'కమిటీకి పెట్టాలేమో…'

'పెట్టండి. ఎవరైనా కాదంటే నా దగ్గరకు పంపించండి.'

ఆయన జేబులోంచి కలం తీసి సంతకం చేశాడు. కాగితం పట్టుకుని వెళ్ళాడు.

గెలిచింది. ఇంత చిన్న గదిలో ఇంత చిన్న గెలుపు, అయినా రెండేళ్ళుగా ఆమెకు కావలసినది ఇదే. పిల్ల గురువారం రాత్రి బతికి ఉందని ఒక్కచోట, ముద్రపడే ఒక్కచోట ఉంటుంది. ఇక ఎవరూ రోజులు గుర్తుండవు లెండి అనలేరు. ఇంటికి వెళ్ళి ఆయన గది తలుపు కొట్టి ఏమని చెప్పాలి? ఉంచాను అనా? చూశాను అనా? మాటలు వెతుక్కుంటూ ఉండగానే కామా వచ్చి, కొత్తగా తీసిన నాలుగో పుట ఆమె ముందు పెట్టాడు. కాగితం ఇంకా వేడిగా ఉంది. 'ఇప్పుడు చూడండి మేడమ్' అన్నాడు, ఒక్క కామా కూడా లేకుండా.

ఆమె అట్టముక్క ఆనించింది. పన్నెండో తేదీ. శుక్రవారం. తెల్లవారుజామున మూడు గంటలకు. ఆ పట్టణపు గడియారం ప్రకారం. ఒక యువతి. చదువుతూ ఉండగా, మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే లేనట్టయింది. ఇన్నాళ్ళూ ఆ ముద్రకాగితంలో పోయినది ఎవరో వేరే పిల్ల. పదకొండో తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు పోయిన ఒక పిల్ల, ఆమెకు ఏమీ కానిది, ఎందుకంటే ఆమె పిల్ల ఆ వేళకు పోలేదు, ఆ తర్వాత కూడా ఫోనులో నవ్వింది. కాగితం తప్పు కనుక, కాగితం చెప్పినది కూడా ఎక్కడో తప్పై ఉండాలి. ఆ తప్పుతో రోజూ పోట్లాడింది, ఆయనతో పోట్లాడింది, కౌంటర్లతో పోట్లాడింది. పోట్లాడినంతసేపూ లెక్క తేలలేదు, తేలనంతసేపూ పిల్ల ఆ తేలని లెక్కలో ఎక్కడో ఒక ఊపిరితో ఉండిపోయింది. ఆమె రెండోసారి చదివింది, తప్పు కోసం. తేదీకి వారం సరిపోయింది. వారానికి వేళ సరిపోయింది. ఊరు సరిపోయింది. మూడోసారి ఒక్కొక్క అక్షరమే చదివింది, తన చదువంతా, తన పట్టుదలంతా, ఒక జన్మ పొడుగునా ఇతరుల రాతల్లో తప్పులు పట్టిన కళ్ళంతా పెట్టి చదివింది.

'సరిగ్గా ఉందా మేడమ్?' అన్నాడు కామా.

ఆమె అట్టముక్క తీసి పక్కన పెట్టింది. 'సరిగ్గానే ఉంది' అంది. అని, పుట అడుగున సంతకం పెట్టింది.